పాలిష్ ఫ్యాక్టరీ కాడ నిలిచిన వ్యాను

ఈ కత నాకు మొట్టమొదట చెప్పినోడు గురప్పే. లింగాల గురప్ప, గొర్రెల గురప్ప. పులివెందులలో అరటికాయల గోడౌను గేటు ముందర, నులక మంచం మీద కూచ్చోని, సందకాడ మొదలుపెట్టి నడిజాము దాకా చెప్పినాడు. ఇప్పుడు జమ్మలమడుగు టీ అంగళ్ల కాడ ఈ కతను తలా ఒక రకంగా చెప్తాండారు. గురప్ప చెప్పులిడిసి పరిగెత్తినాడని ఒకడు. మూడు దినాలు జరమొచ్చి పండుకున్యాడని ఇంగొకడు. అంతా అబద్ధం. రెండు చెప్పులూ కాళ్లకే ఉన్యాయి. జరం రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్తా, వినండి.

జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు దావ పట్టినాక, రోడ్డుకు ఎడంపక్క ఒక పాత నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉండాది. మూతబడి శానా ఏండ్లయింది. పైన రేకులు ఎగిరిపోయినాయి. గోడలు మాత్రం నిలబడుండాయి. పగిలిన బండలు గుట్టలుగా పడుండాయి. చీకటి పడితే ఆ గేటు పక్క మనిషి అడుగు పెట్టడు.

ఎందుకంటే... రాత్రిపూట ఆడ పసిబిడ్డలు ఏడుస్తారని పేరు.

ఒక బిడ్డ కాదు. పది, పదైదు మంది బిడ్డలు... గొంతు నొక్కినట్టు... ఒకరి ఎనకాల ఒకరు. మోటర్‌సైకిలోళ్లు విన్యారు. లారీ ఆపి టైర్లు చూసుకునే డ్రైవర్లు విన్యారు. ఆడ బండలు మోసే కూలామె ఒకామె నిండు చూలాలుగా సచ్చిపోయిందనీ, ఊర్లలో బిడ్డలను పోగేసుకుంటాందనీ కత కట్టినారు. ఆమె పేరేందిరా, ఏ ఊరిదిరా అని అడిగితే ఒక్కనికీ తెల్దు.

ఆ ఫ్యాక్టరీ లోపలే ఒక పాత వ్యాను నిలబడుండేది.

గురప్పకు అరవై రెండు దాటినాయి. పెండ్లాం పోయి పదేండ్లు. బిడ్డలు లేరు. ఉండేది నూటా ముప్పై జీవాల మంద. కోతలయినాక లింగాల నుంచి వీరపునాయునిపల్లె దాకా, ఆన్నుంచి బ్రహ్మంగారిమఠం పక్కకు తోలుకోని పోతాడు. రాత్రికి రైతు చేన్లో మంద నిలిపితే చేనికి ఎరువు, గురప్పకు గింజలు. ఏడేండ్ల నుంచి ఒంటిగానే పోతాండాడు. మాట్లాడాలంటే గొర్రెలే. వాటితో శానా మాట్లాడతాడు.

ఈ ఏడాది మోకాళ్లు వాచినాయి. తేమ నేల మీద పండుకుంటే పొద్దున లేసేకి చేతికర్ర కూడా సాలడంలే. "ఇంగ కింద పండుకుంటే నడవలేవు పెద్దాయనా" అని డాక్టరు చెప్పేసినాడు. కింద పండుకోకుండా మంద కాసేది యెట్ల? కాయలేకపోతే అమ్మేయాల. అమ్మేసి, అక్క ఇంటి వసారాలో గోడ చూస్తా కూచ్చోవాల. దానికంటే చేన్లో పడి సచ్చేది మేలనుకున్యాడు గురప్ప.

అప్పుడు ప్రతాప్ ఒక ఉపాయం చెప్పినాడు. ప్రతాప్ అంటే గురప్ప అక్క పెద్దసుబ్బమ్మ కొడుకు. జమ్మలమడుగులో వెల్డింగు పని. ఫోన్లో వీడియోలు చూపించినాడు. ఎవరెవరో వ్యానులోనే మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము, పైన సోలారు పలక పెట్టుకోని దేశమంతా తిరుగుతాండారు.

"మామా, పాత వ్యాను ఒకటి తీసుకుందాం. నేనే కోసి, అతికి, ఇల్లు మాదిరి చేసిస్తా. మంద యాడుంటే ఇల్లు ఆడుంటాది."

"తోలేదెవరురా? నాకు గొర్రెలు తోలేదే వచ్చు."

"మంద జాగా మారినప్పుడంతా నేనొచ్చి తోలిపెడతా. రెండు మంచాలు పడతాయి మామా. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి."

"రెండోది ఎవరికి? దెయ్యానికా? ఒకటి సాలు."

ప్రొద్దుటూరులో పాత బండ్లు కొని అమ్మే అబ్దుల్ వాహిద్ కాడ ఒక వ్యాను ఉందని తెలిసింది. గురప్ప మందను అక్క ఇంటి దొడ్లో తోలినాడు. ముగ్గురూ కలిసి ఆ ఫ్యాక్టరీ కాడికి పోయినారు. పొద్దు వాలుతాంది.

"బండి గట్టిది అప్పా" అన్యాడు వాహిద్. "కిస్తులు కట్టకుండా ఓనరు పరారయితే, ఫైనాన్సోళ్లు నాకు అంటగట్టినారు. కరోనా ఏడాది నుంచి ఈడే పడుండాది. నువ్వు ఊ అంటే షెడ్డుకు లాక్కోని పోయి ఇంజను చేపిస్తా. జాగాకు చెడ్డపేరు గానీ, బండికి లేదు."

గురప్ప బండి చుట్టూ మూడు తూర్లు తిరిగినాడు. టైరు తన్నినాడు. తలుపు తీసి ఏసినాడు. తీసి ఏసినాడు. అప్పుడన్యాడు...

"ఈ రాత్రి దీంట్లో పండుకుంటా. కొనేదీ లేనిదీ పొద్దున చెప్తా."

వాహిద్ రెండు చెంపలూ ముట్టుకున్యాడు. "తోబా తోబా! ఈడనా? నేను లాక్కోని పోయినాక షెడ్డులో పండుకో అప్పా, ఫ్యాను కూడా పెట్టిస్తా."

"నేను పొట్టేలు కొనేముందర ఒక రాత్రి మందలో కట్టేసి పక్కనే పండుకుంటా. పగలు చూస్తే కొమ్ములూ కాళ్లూ కనపడతాయి. దగ్గు రాత్రే ఇనపడతాది. బండికి మాత్రం దగ్గుండదా?"

"మామా, ఇది పొట్టేలు గాదు" అన్యాడు ప్రతాప్.

"నువ్వు మేకపిల్లవు. ఇంటికి పో."

ఇద్దరూ ఎల్లిపోయినారు. గురప్ప ఒక్కడే మిగిలినాడు.

పెద్దసుబ్బమ్మ కట్టిచ్చిన రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి తిన్యాడు. గొంగడి పరుచుకున్యాడు. లోపల ఏదో వాసన... శానా ఎరిగిన వాసన. తన గొంగడి వాసనే అనుకున్యాడు.

శానాసేపు ఏమీ లేదు.

పైన రేకు చల్లారి టిక్కుమంది. దూరంగా లారీ వచ్చింది. ఫ్యాక్టరీ కాడికి రాంగనే దాని స్పీడు పెరిగింది, భయానికి. గురప్పకు నవ్వొచ్చింది. నవ్వినాడు. ఆ నవ్వు రేకులకు తగిలి మళ్లా తనకే ఇనపడింది. కూడా నవ్వేటోడు ఎవడూ లేడు. నోరు మూసుకోని పక్కకు తిరిగినాడు.

బిడ్డల ఏడుపు కోసం చెవి పెట్టినాడు. రాలేదు.

నడిజాము దాటింటాది. సగం నిద్ర, సగం మెలకువ...

టంగ్.

ఏమీ లేదు.

టంగ్... టంగ్...

పొట్టేలు పండుకోని నెమరేస్తాంటే, మెడ కదిలినప్పుడంతా మోగే గంట. అది తప్ప ఇంగోటి కాదు. ఇరవై ఏండ్లు ఆ చప్పుడు ఇంటానే నిద్రపోయినోడు గురప్ప. అందుకే కండ్లు తెరవకుండా, నిద్రలోనే అన్యాడు...

"ఓబులేసూ... నీ వంతురా. లేయ్."

అని, దిగ్గున లేసి కూచ్చున్యాడు.

ఆ పేరు ఆ నోట్లోంచి వచ్చి ఏడేండ్లయింది.

ఓబులేసు ఎవరంటే, గురప్ప జతగాడు. ఇరవై ఏండ్లు ఇద్దరూ మందలు కలిపి తిరిగినారు. సగం రాత్రి ఒకడు కాసేది, సగం రాత్రి ఒకడు. ముందర నడిచే పొట్టేలుకు బ్రహ్మంగారిమఠం తిరునాళ్లలో కంచు గంట కొని కట్టినారు. దాని అంచుకు ఆకురాయితో రెండు గాట్లు పెట్టినారు, ఒకటి గురప్పది, ఒకటి ఓబులేసుది. ఏడేండ్ల కింద వీరపునాయునిపల్లె చేన్లలో ఒక రాత్రి పద్నాలుగు జీవాలూ, ఆ గంట పొట్టేలూ పోయినాయి. మొత్తం పదైదు. అందులో ఆరు ఓబులేసువే, అది ఎవరూ చెప్పరు. కాసే వంతు ఓబులేసుది. కునుకు తీసినాడా అంటే, తీసినాడు. రెండు దినాల జరం మీదున్యాడు. ఆ సంగతి గురప్పకు తెలుసు.

తెలిసీ, గొర్రెల సంఘంలో పదిమంది ముందర నిలబడి అన్యాడు. "గంట మోగకుండా పొట్టేలు యెట్ల పోతాది? కొత్త చెయ్యి తగిలితే ఎగురుతాది, గంట మోగుతాది. ఎరిగిన చెయ్యి కాబట్టే అరవకుండా పోయింది. నువ్వే అమ్ముకున్యావు."

ఓబులేసు మాటకు మాట చెప్పలేదు. నమ్మేటోళ్ల కాడ గదా చెప్పేది. ఆ పొద్దే మంద విడదీసుకోని ఎల్లిపోయినాడు.

టంగ్...

గురప్ప వ్యాను దిగినాడు. చెప్పులేసుకోనే దిగినాడు. ఫోను లైటు పెట్టి చుట్టూ చూసినాడు. బండలు. గోడలు. గాలి కూడా లేదు. చెట్టాకు కదలడంలే. బండి చుట్టూ తిరిగినాడు. చప్పుడు లేదు.

ఎక్కినాడు.

టంగ్.

కింద నుంచి. కాళ్ల కింద నుంచి.

వ్యాను నేలకు పరిచిన రేకు ఒక మూల లేసుండాది. మేకలకు కొమ్మలు దించే కొంకి కర్ర ఎప్పుడూ గురప్ప పక్కనే ఉంటాది. కొంకి దూర్చి, రెండు చేతులా ఒత్తినాడు. రేకు కిర్రుమని లేసింది.

కింద... ఎండిపోయిన గొర్రె పెంటికలు. సీలల సందుల్లో చిక్కుకున్న బొచ్చు. తెల్లది, నల్లది. మూతులకు కట్టిన నైలాను తాళ్ల ముక్కలు.

గురప్పకు అప్పుడు తెలిసింది. ఈడ ఏడ్చింది పసిబిడ్డలు కాదు. దొంగలు మూతులు కట్టి, పెద్ద లారీ వచ్చేదాకా ఈ గోడల మధ్య దాచిపెట్టిన జీవాలు. కరోనా ఏడాది రోడ్లు మూసేసినారు, దొంగలు బండి పారేసి పోయినారు. ఏడుపు ఆగిపోయింది. చెడ్డపేరు మాత్రం ఆగలే.

చక్రం గూడు పక్క సందులో చెయ్యి పెట్టినాడు. చేతికి చల్లగా తగిలింది.

గంట. లోపలంతా పేడ గట్టిపడి ఉండాది. అంచు తడిమినాడు.

రెండు గాట్లు.

తెల్లారేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకోని అట్లనే కూచ్చున్యాడు. గంట మళ్లా మోగలేదు. లారీలు వచ్చినాయి, పోయినాయి. ఎవరూ ఆగలేదు.

పొద్దున వాహిద్, ప్రతాప్ వచ్చి ఆ లేపిన రేకు చూసినారు. వాహిద్ ముఖం తెల్లబోయింది. "అల్లా సాక్షి అప్పా, నాకు తెల్దు. ఈ బండి నీకొద్దు. ఇంగోటి చూస్తా."

"ఇదే కావాల" అన్యాడు గురప్ప. "నా జీవాలను మోసిన బండి. ఇంగొకరికి యాల పోవాల?" ప్రతాప్ పక్కకు తిరిగినాడు. "రెండు మంచాలు చేయి."

"దెయ్యానికా మామా?"

గురప్ప నవ్వలే.

ఆ మధ్యాన్నమే గంట తువ్వాలులో చుట్టుకోని పులివెందుల బస్సెక్కినాడు. ఓబులేసు యాడుండాడని ఊర్లో అడుగుతా అడుగుతా అరటికాయల గోడౌను కాడికి వచ్చినాడు. ఆ గోడౌనుకు రాత్రి వాచ్‌మన్ ఓబులేసు.

ఆ ఓబులేసును నేనే.

"రా" అనలేదు నేను. "కూచ్చో" అనలేదు. వాడే మంచం చివర కూచ్చున్యాడు. ఇంతసేపూ నేను చెప్పిందంతా చెప్పినాడు. చెప్పి, తువ్వాలు ఇప్పి, గంట నా చేతిలో పెట్టినాడు.

"బండిలో దొరికిందిరా" అన్యాడు. "దొంగలే..."

"దొంగలకు నేను అమ్మింటే కూడా బండిలోనే దొరుకుతాది" అన్యాను.

వాడు తల వంచినాడు. వాడు మనసులో ఆ సందేహం కూడా మోసుకోనే వచ్చినాడు. ఇరవై ఏండ్లు పక్కన పండుకున్నోన్ని, నాకు తెల్దా?

లైటు కిందికి పోయి, వేపపుల్లతో గంట లోపలి పేడ గీకినాను. గడ్డలు గడ్డలుగా రాలింది. మొత్తం రాలినాక గంట తిప్పి వానికి చూపించినాను.

"నాలుక యాడ?"

నాలుక లేదు. అది తగిలించే ఇనుప కొండిని పట్టుకారుతో కత్తిరించినారు. కోసిన చోట పాత తుప్పు, ఏడేండ్ల తుప్పు. మోగకుండా ముందర నాలుక కోసి, అప్పుడు పొట్టేలును ఎత్తుకోని పోయినారు.

"నేనే అయింటే ఇది కోసే పనేముండాదిరా గురప్పా? నా పొట్టేలు. గంటను చేత్తో పట్టుకుంటే సాలు. నాలుక కోసినారు, అందుకే మోగలేదు. మోగింటే జరంలో కూడా లేసుండేవాన్ని."

గురప్ప ఆ కొండి మీద ఏలు పెట్టి చూసినాడు. తర్వాత గంట చేతికి తీసుకోని, నిదానంగా అటూ ఇటూ ఊపినాడు.

చప్పుడు లేదు.

ఇంకా గట్టిగా ఊపినాడు.

చప్పుడు లేదు.

"ఓబులేసూ" అన్యాడు. "మరి... ఆ రాత్రి మోగింది ఏందిరా?"

తెల్లారేదాకా ఇద్దరమూ ఆ గంటను మంచం మధ్యలో పెట్టుకోని కూచ్చున్యాము. పోతా పోతా, "బండి పని మొదలుపెట్టిస్తాండా. రెండు మంచాలు" అన్యాడు. రెండోది ఎవరికని నేను అడగలే. వాడు చెప్పలే.

ఇంగ నా మనవి ఒకటి. మా గొర్రెల సంఘం పుస్తకంలో "ఓబులేసు జీవాలను అమ్ముకున్నాడు" అని ఏడేండ్ల కింద రాసిన ముక్క ఇప్పటికీ అట్లనే ఉండాది. నాకు అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు, ఆ ముక్క మాత్రం చూడకుండా చదవగలను. చదువుకున్నోళ్లు ఎవరైనా ఆ పుస్తకం తెరిపించి దాన్ని కొట్టేయండి. "ఓబులేసును క్షమించినాము" అని మాత్రం రాయొద్దండి. తప్పు చేసినోన్ని గదా క్షమించేది. గంట నాలుక కోసినారు, అందుకే మోగలేదు, ఓబులేసు అమ్ముకోలేదు అని రాయండి.

ఏడేండ్లకు ఒక రాత్రి మోగిందని కూడా రాస్తారో లేదో మీ ఇష్టం. నేను ఇన్లేదు, ఇన్లేనిదానికి సాక్ష్యం చెప్పను. విన్నోడు గురప్ప. దాని కింద వాని చేత ఏలిముద్ర ఏపించండి.