కుదుపు తెలియని బండి

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి చెవులకంటే నడుమే బాగా వినిపిస్తుందని, ఆయన దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళందరూ చాటుగా నవ్వుకునేవాళ్ళు. "రోడ్డును కళ్ళతో కాదు, నడుంతో చూడాలి. టైరులో గాలి తగ్గినా, గుంత లోతుగా ఉన్నా ముందు తెలిసేది సీటుకే" అని మొదటి రోజే పాఠం చెప్పేవాడు. ఎవరు ఎంత నవ్వినా ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఆయనకి అన్నం పెట్టింది ఆ నడుమే.

అలాంటి మనిషి ఇంట్లో భార్యకే నడుం విరిగింది. మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ తడి మెట్టు మీద కాలు జారింది. ఆపరేషన్ చేశారు, బెల్టు వేశారు, వారం వారం వ్యాయామం చేయించడానికి తీసుకురమ్మన్నారు. ఆసుపత్రి వంతెనకి అవతల ఉంది. వంతెన దాకా రోడ్డంతా తవ్విపోసి ఉంది. పక్క సీటు ముందు కూడా బ్రేకు ఉండే పాత డ్రైవింగ్ స్కూలు బండిలో ఆమెని తీసుకెళ్ళడమంటే ఇద్దరికీ నరకమే.

అందుకని వాళ్ళ మధ్య ఒక అలవాటు పడింది. ముందు గొయ్యి కనబడగానే ఆయన "గుంత" అనేవాడు. వెనక ఆమె పళ్ళు బిగించి, రెండు చేతులతో సీటు పట్టుకుని "ఊఁ" అనేది. ఆ ఊఁ వినబడ్డాకే ఆయన చక్రాన్ని గుంతలోకి దించేవాడు.

"మీరేదో కథ చెబుతున్నట్టు, నేను ఊఁ కొడుతున్నట్టు..." అని ఒకసారి నవ్వబోయింది. నవ్వు సగంలోనే కెవ్వుమంది. ఆ కేక మాస్టారి చెవుల్లో రాత్రంతా తిరిగింది.

ఆమె తమ్ముడు పాత కార్ల బేరగాడు. నోట్లో నువ్వుగింజ నానదు. అక్క అవస్థ చూసి, ఒకరోజు నల్లటి పెద్ద సెడాన్ తెచ్చి గేటు ముందు నిలబెట్టాడు.

"బావా, ఇది కారు కాదు, పూలపాన్పు. దీని కింద స్ప్రింగులుండవు, గాలితిత్తులు. మనిషి ఎక్కితే బరువు చూసుకుని తనే సర్దుకుంటుంది."

నిజమే. ఎవరైనా ఎక్కితే ఆ మూల కాస్త కుంగి, లోపలెక్కడో సన్నగా మూలిగి, మళ్ళీ పైకి లేచేది. దిగితే ఆ మూల తేలికై పైకి లేచి, "ఉస్స్" మని గాలి వదిలి సర్దుకునేది.

"ఇంత మంచి బండి ఎందుకు అమ్మేశారు?" అన్నాడు మాస్టారు.

"సొంతదారు అమ్మలేదు బావా, ఆయన పోయాక కొడుకు అమ్మాడు. మంచానికి అతుక్కుపోయిన మనిషట, ఈ బండి ఎక్కితేనే నొప్పి తెలిసేది కాదట. ఎలా ఉంటుందయ్యా బండి అని అడిగితే, ఎక్కినవాళ్ళకి దిగబుద్ధి కాదండీ అన్నాడు." బావమరిది పకపకా నవ్వాడు. "నేనడిగింది మైలేజీ!"

మొదటి ప్రయాణం మాస్టారికి బాగా గుర్తు. యాక్సిలరేటర్ మీద కాలు ఆనించాడో లేదో, బండి కదిలినట్టు లేదు, రోడ్డే చడీచప్పుడూ లేకుండా వెనక్కి జారిపోయింది. తవ్విన రోడ్డు వచ్చింది. "గుంత" అన్నాడు. "ఊఁ" అంది. చక్రం దిగింది. ఏమీ లేదు.

"దాటేశామా?" అంది ఆమె.

"దాటేశాం."

అద్దంలో చూస్తే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. వంతెన ఎక్కేలోపు నిద్రపోయింది. పడిన రోజు నుంచి అంత నిశ్చింతగా ఆమె నిద్రపోవడం ఆయన చూడలేదు. బావమరిదికి మనసులోనే చేతులెత్తి మొక్కాడు. ఇక గుంత అనే పనీ, ఊఁ అనే పనీ లేకుండా పోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఇద్దరూ ఆ రెండు మాటలూ మరిచిపోయారు.

అయితే ఆయన్ని ఒకటి పీకుతూనే ఉండేది. ఆ సీట్లో కూర్చుంటే నడుముకి చెవుడు వచ్చినట్టుండేది. కింద రోడ్డుందో లేదో కూడా తెలిసేది కాదు. పైగా ఆమెని వెనక ఎడమవైపు కూర్చోబెట్టి, తలుపు వేసి, తాను స్టీరింగు ముందు కూర్చున్నాక... తన సీటు వెనక మూల మెల్లగా కుంగేది. సన్నగా మూలిగి పైకి లేచేది. అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

"గాలి లీకు బావా," అన్నాడు బావమరిది. "వయసు మీద పడితే ఎవరికి మాత్రం గాలి నిలుస్తుంది?"

లోపల తోలు వాసన. దాని వెనకాల ఇంకో వాసన ఉండేది. కిటికీలు తెరవని గదిలో చాలాకాలం పడుకున్న మనిషి తలగడ వాసన. ఎన్నిసార్లు కడిగించినా పోలేదు.

ఒకరోజు పొద్దున వేడి టీ గ్లాసు ఆమె ఒళ్ళో ఒలికింది. ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. చీర తొలగించి చూస్తే బొబ్బలు.

"మండలేదా?"

"లేదండీ," అంది చిన్నపిల్లలా నవ్వుతూ. "ఏమీ తెలియట్లేదు. హాయిగా ఉంది."

ఆసుపత్రిలో అరికాలికి సూది గుచ్చి చూశారు. పోయినసారి చురుక్కుమందని చెప్పిన కాలు ఇప్పుడు ఉలకలేదు, పలకలేదు. అయినా పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆమె బండి దిగనంది. "కాసేపు ఇందులోనే ఉండనివ్వండి. ఎక్కడికీ వద్దు, ఊరికే." ఆ కాసేపు రోజురోజుకీ పెరిగింది. ఓ సాయంత్రం షెడ్డులోకి వెళ్తే, అద్దాలెత్తిన బండి లోపల ఆమె పెదవులు కదులుతున్నాయి. తలుపు తీశాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆమె గొంతు తగ్గించింది. "మీ వెనక కూర్చునే ఆయనతో. ఎంత నొప్పి పడ్డాడో పాపం... ఇప్పుడేం లేదట."

 మాస్టారు ఆమెని ఎత్తి ఇంట్లోకి తీసుకెళ్ళి, బండి తాళం బీరువాలో పడేశాడు. ఆమె వారం రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాత జ్వరం వచ్చింది. ఊపిరి అందడం లేదు. అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే వాన నీళ్ళలో చిక్కుకుందన్నారు. పట్టపగలే దీపాలు వేసుకోవలసినంత మబ్బు. మాస్టారు ఆమెని స్కూలు బండిలోనే ఎక్కించాడు. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర "గుంత" అన్నాడు. "ఊఁ" అని, మరుక్షణం పేగులు తెగేలా అరిచింది.

ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి ఆమెకి మళ్ళీ నొప్పి తెలిసింది. తెలిసిందంటే మనిషి ఇంకా ఉంది. ఈ కేకలతోనే వంతెన దాటించగలిగితే దక్కుతుందని ఆయనకి లోలోపల తెలుసు.

"మీకు దణ్ణం పెడతాను..." అంది ఆమె. "ఆ బండిలో తీసుకెళ్ళండి. ఈ ఒక్కసారికి."

ఇంకో గుంత. ఇంకో కేక.

అన్నీ తెలిసి కూడా ఆయన తట్టుకోలేకపోయాడు. బండి వెనక్కి తిప్పాడు.

నల్ల బండిలో పడుకోబెట్టగానే ఆమె మూలుగు ఆగింది. తలుపు మూశాక వాన చప్పుడు కూడా ఆగింది. తన సీటు వెనక మూల కుంగింది... లేచింది. మాస్టారు అటు చూడలేదు.

తవ్విన రోడ్డు మొదలైంది. "గుంత" అన్నాడు.

"ఊఁ."

అద్దంలో ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. "మాట్లాడుతూ ఉండు. నిద్రపోకు. గుంత."

"ఊఁ..."

వంతెన ఎక్కారు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. ఎడమ వెనక మూల, బండి నడుస్తుండగానే, మెల్లగా పైకి లేచింది.

ఉస్స్...

ఎవరో దిగినట్టు.

అద్దంలో ఆమె అక్కడే ఉంది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. తలుపు మూసే ఉంది.

"గుంత," అన్నాడు. అక్కడ గుంత లేదు.

"ఊఁ." ఆమె గొంతే. కానీ అద్దంలో పెదవులు కదల్లేదు.

"గుంత..."

"ఊఁ." ఈసారి రెండు గొంతులు. రెండోది ముసలి గొంతు. సరిగ్గా తన మెడ వెనక నుంచి... వెచ్చదనం లేని ఊపిరితో.

ఆసుపత్రి మెట్ల దాకా ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకీ చూడలేదు. నర్సు తలుపు తీసి, చెయ్యి పట్టుకుని చూసి, ఆయన వైపు తిరిగింది.

"ఎప్పటినుంచి ఇలా ఉన్నారు సార్? ఒళ్ళు చల్లబడిపోయిందే!"

"ఇప్పుడే... ఊఁ అంది," అన్నాడు మాస్టారు.

ఇద్దరు పట్టి ఆమెని దించారు. బండి ఎడమ వెనక మూల కదల్లేదు. గాలి వదల్లేదు. అక్కడినుంచి బరువేమీ దిగనట్టే ఉండిపోయింది.

అన్నీ అయ్యాక బండి తీసుకుపోవడానికి బావమరిది వచ్చాడు. చెయ్యి చాపాడు. "తాళం ఇలా ఇవ్వు బావా, తోలుకెళ్ళి దొరికిన ధరకి తెగనమ్మేస్తాను."

"నువ్వు పక్కన కూర్చో. నేను నడుపుతాను."

"నీకెందుకు బావా ఇప్పుడు?"

మాస్టారు డ్రైవరు తలుపు తీశాడు. ఎందుకో ఎలా చెబుతాడు? ఆ ఊఁ ఇంకొక్కసారి వినాలని ఉందని, దానికోసం ఎవరి పక్కనైనా కూర్చోగలనని చెబితే నవ్విపోతారు. ఎక్కాడు. తన మూల కుంగి, మూలిగి, లేచింది. పక్క మూల. తర్వాత వెనక ఎడమ మూల. తర్వాత తన వెనక మూల.

పగటి ఎండ కాస్తోంది. తవ్విన రోడ్డు వచ్చింది.

"గుంత," అన్నాడు.

ఏమీ వినిపించలేదు. ఆయనకి ఏడుపొచ్చింది. పళ్ళు బిగించుకుని ముందుకి పోనిచ్చాడు. రోడ్డు మధ్యలో ఇంకో పెద్ద గొయ్యి కనిపించింది. ఈసారి ఆయన నోరు తెరవలేదు.

"గుంత," అంది ఆమె, వెనక నుంచి. మెత్తగా, ఆయన ఆమెకి చెప్పినట్టే.

"ఊఁ," అన్నాడు మాస్టారు.

చక్రం దిగింది. నడుముకి ఏమీ తెలియలేదు. కింద ఉన్న కాళ్ళూ తెలియలేదు. స్టీరింగు మీద ఉన్న వేళ్ళు ఎవరివో అన్నట్టు చూశాడు. ముప్పై ఏళ్ళ నడుం సలుపు, గుండెల మీది బండరాయి... ఏదీ లేదు. హాయిగా ఉంది.

"ఎవరికి బావా ఊఁ కొడుతున్నావు?" అన్నాడు బావమరిది.

బండి, బావమరిది పాత కార్లు అమ్మే షెడ్డులోకి వచ్చి ఆగింది. బావమరిది దిగాడు. ఆ మూల లేచి, ఉస్స్ మని సర్దుకుంది. చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు తలుపు తీశాడు.

"దిగు బావా."

మాస్టారు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు ఎదురుగా, ఇంకా రోడ్డునే చూస్తున్నట్టు ఉన్నాయి.

"బావా... వచ్చేశాం. దిగు."

అప్పుడు, బావమరిది చూస్తుండగానే, మాస్టారు కూర్చున్న మూల మెల్లగా పైకి లేచింది.

ఉస్స్...