ఎనిమిది లేని లెక్క

"మీరిచ్చిన టైములన్నీ తప్పు!"

నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే స్వాతి అందుకుంది. ఒళ్లో ల్యాప్‌టాప్, జడలో పెన్సిలు, ముక్కు మీద కోపం.

నేను టైములు తప్పు చెప్పను. అసలు చెప్పేదే తక్కువ. రైలింజన్‌లో డ్రైవరు పక్కన కూర్చునే అసిస్టెంట్‌ని. మా పనిలో ఒక రూలుంది. సిగ్నల్ కనపడగానే ఒకరు గట్టిగా చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. రోజంతా నేను మాట్లాడేది అంతే. మిగతాదంతా చూడడమే.

స్వాతిని చూడడం కూడా అలాగే మొదలైంది. వాళ్ల నాన్న సూర్యం గారు మా షెడ్‌లోనే డ్రైవరు. నాది టెక్కలి దగ్గర పల్లె. బిలాస్‌పూర్‌లో మా వైపు మాట వినపడే ఇల్లని వాళ్ల క్వార్టర్‌కి వెళ్తుండేవాణ్ణి. నా చూపు ఎటు పోతోందో స్వాతి నాయనమ్మ అచ్చియమ్మ గారు కనిపెట్టేశారు. నా తరఫున ఆవిడే, చేసుకుంటావా అని మనవరాలిని అడిగేశారు కూడా.

"వైవా అయ్యాక చెప్తాను," అందిట స్వాతి.

ఆ వైవా ఈ మధ్యాహ్నమే. ఎంసీఏ ప్రాజెక్టు. డ్రైవర్లు డ్యూటీ ఎక్కిన టైములూ దిగిన టైములూ చూసి, ఎవరికి ఎంత విశ్రాంతి దొరికిందో చెప్పే ప్రోగ్రాం. ఆ టైములు నేనిచ్చినవే. అంటే నా బతుకు కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఇరుక్కుంది.

"ఇదిగో, ఐదున్నర డ్యూటీ. మెషీన్ ఏటంటోందో చూడండి. మూడు నలభై నాలుగు! ఇంతకీ మీరు బండెక్కింది ఎప్పుడు?"

"ఐదున్నరకే."

"అచ్ఛా! ఎనిమిదింపావు ఐతే అసలు తీసుకోవట్లేదు. ఎర్ర గీత పెట్టి కూర్చుంది. ఆ లైన్లు తీసేస్తేనే కదిలింది. కంపైలర్‌లోనే బగ్ ఉందని నిన్న క్లాసులో అందరి ముందూ చెప్పేశాను."

మనం రాసిందాన్ని మెషీన్‌కి తెలిసే భాషలోకి మార్చేది కంపైలర్ అట. దానికి బుర్ర లేదని స్వాతి అభిప్రాయం.

"ఏటే ఆ అరుపులు? ఆ బాబుని కాఫీ తాగనీ," అన్నారు లోపల్నుంచి అచ్చియమ్మ గారు.

"తాగాలంటే నోరు తెరవాలి కదా నాయనమ్మా!"

నేను తెర వైపు చూశాను. నాది ఊరి బడి, ఆ తర్వాత ఐటీఐ. ప్రోగ్రాములు తెలీవు. కానీ వరసగా వచ్చేవాటిని చూడడం అలవాటు. పట్టాల పక్క స్తంభాల్లా అంకెలు ఒకదాని కింద ఒకటి. 1310 బాగుంది. 1625 బాగుంది. 0530 పాడైంది. 0745 పాడైంది. 0815 మీద ఎర్ర గీత.

"పొద్దుటివే," అన్నాను.

"ఏటి?"

"పొద్దుటి టైములే పాడవుతున్నాయి. ముందు సున్నా ఉన్నవి."

"ఉంటే ఏటండీ? మా ఇంట్లో అందరూ అలాగే రాస్తారు. రైల్వే వాళ్లందరూ..."

ఆగిపోయింది. జడలోంచి పెన్సిలు జారి కింద పడింది. తీసుకోలేదు.

"హే భగవాన్. ఇది బగ్ కాదు." గొంతు బాగా తగ్గింది. "ఫస్ట్ ఇయర్‌లో ఒక్క మాట చెప్పి వదిలేశారు. సి భాషలో అంకె ముందు సున్నా పెడితే, ఎనిమిదుల లెక్కలో చదువుకోమని చెప్పినట్టు. మా క్లాసులో ఇంకెవరూ పెట్టరు. క్వార్టర్‌లో పుట్టాను కాబట్టి నేను పెట్టాను."

నాకు అర్థం కాలేదు. మొహం చూసి కనిపెట్టింది.

"చేతులు చాపండి."

చాపాను. నా బొటనవేళ్లు రెండూ లోపలికి మడిచింది.

"ఇప్పుడు మీకు ఉన్నవి ఎనిమిది వేళ్లే. ఏడు దాకా లెక్కపెడితే సరే. ఆ తర్వాత ఇంకో వేలు ముట్టుకోగానే ఒక గుంపు పూర్తి. ఒకటి వేసి పక్కన సున్నా పెట్టాలి. ఎనిమిది అనే అంకే లేదు. లేని అంకె రాసి చదవమంటే పాపం అదేం చేస్తుంది?"

"మరి ఐదున్నర?"

"ఎనిమిది ఎనిమిదులు అరవైనాలుగు. అలాంటివి ఐదు, పైన ఎనిమిదులు మూడు. కలిపితే మూడు వందల నలభై నాలుగు. అది తప్పు చెప్పలేదండీ. నేనే అడగడం తెలీక అడిగాను."

నేను నా చేతులకేసి చూస్తూ ఉండిపోయాను. పుట్టినప్పట్నుంచీ ఉన్న వేళ్లే. రెండు మడిస్తే ఇంకో లోకం. అక్కడా కూడికలు కుదురుతాయి, అక్కడా ఒక్క అంకె పొల్లు పోదు. ఎనిమిది మాత్రం ఉండదు. విలువ లేదని మేం రాసి మర్చిపోయే సున్నా దానికి తలుపు. మేం పుట్టకముందే ఎవరో పెట్టి వెళ్లిన తలుపు.

"ఎంత బాగుందో కదా," అంది స్వాతి మెల్లగా. నా వేళ్లు వదలడం మర్చిపోయింది.

"లెక్క ఇంకా తేల్లేదేటి?" అంటూ అచ్చియమ్మ గారు కాఫీ పట్టుకొచ్చారు. వేళ్లు వదిలేసింది.

నాకు డ్యూటీ టైమైంది. గుమ్మం దాకా వచ్చి అంది:

"నన్ను అడిగింది నాయనమ్మ. మీరు కాదు. అడగని వాళ్లకి నేనేం జవాబు చెప్పను?"

చెప్పుల్లో కాళ్లు పెట్టాను. వెళ్లిపోయాను.

సాయంత్రం మా గూడ్సు గతౌరా స్టేషన్లో పక్క లైన్లో ఆగింది. మెయిలు బండి దాటేదాకా అక్కడే. మా గూడ్సులకి ఇది రోజూ ఉండేదే, క్వార్టర్ పిల్లలకి బాగా తెలుసు. ఇంజన్‌లో ఫోన్ కట్టేయాలి కాబట్టి వైవా ఏమైందో తెలీదు. వాన మొదలైంది.

"ఎవరోయ్ ఆ పిల్ల?" అన్నారు డ్రైవరు శంకరరావు గారు.

బిలాస్‌పూర్ నుంచి వచ్చే తోర్వా దారిలో స్కూటీ, దాని మీద స్వాతి. ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తుకొచ్చింది, తడిసి ముద్దయి.

"పాసయ్యాను!" అరిచింది. "బగ్ కాదు, నాదే పొరపాటని ముందే చెప్పేశాను. ఎగ్జామినర్ కూడా వేళ్లు మడిచి చూసుకున్నారు!"

నవ్వాను. బొటనవేళ్లు మడిచి చూపించాను. ఆమె నుంచుంది. వాన పడుతోంది. మెయిలు బండి ఊళ వేసుకుంటూ మా పక్కనుంచి దాటిపోయింది.

"కనపడింది గట్టిగా చెప్పడం కదటోయ్ నీ డ్యూటీ?" అన్నారు శంకరరావు గారు, అటు తిరిగి.

కిటికీలోంచి తల బయటికి పెట్టాను.

"స్వాతీ! నువ్వంటే నాకిష్టం!"

ఆమె కదల్లేదు. కనురెప్ప మీది నీళ్లు కూడా తుడుచుకోలేదు.

"స్టార్టర్ ఎల్లో," అన్నారు శంకరరావు గారు, ముందు పడ్డ సిగ్నల్ చూసి.

"స్టార్టర్ ఎల్లో," అన్నాను. తప్పదు. బండి కదిలింది.

వెనక్కి చూశాను. ప్లాట్‌ఫాం చివర రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని నుంచుంది. డ్రైవరు కూతురు కదా, రూలు తెలుసు. నా మాట నాకే తిరిగి చెప్పింది:

"నువ్వంటే నాకిష్టం!"