రొట్టె కూడా లెక్కకొస్తుందా?

హన్మకొండ బస్టాండులో వాన దంచికొడుతున్న ఒక సాయంత్రం, శ్రావణ్ భూపాలపల్లి బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నాడు. జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆ సీట్లో ఒక అమ్మాయి కూర్చుని, అదే కర్చీఫ్‌తో తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

"అది నా సీటు," అన్నాడు.

"సీటు మీద పేరు లేదు."

"కర్చీఫ్ ఉండె గదా."

"దాని మీద గూడ లేదు," అని మడిచి ఇచ్చింది.

పరకాల దాకా అతను నిలబడే ఉన్నాడు. పరకాలలో ఆమె పక్క సీటు ఖాళీ అయింది. అక్కడినుంచి భూపాలపల్లి దాకా ఇద్దరూ ఆ సీటు ఎవరిదన్న విషయం మీదే వాదించుకున్నారు. బస్సు దిగేసరికి వాన వెలిసింది, వాదన మాత్రం తెగలేదు. మిగిలింది మర్నాడు ఫోన్లో మాట్లాడుకోవలసి వచ్చింది.

ఆమె పేరు సౌందర్య. ఊరు స్టేషన్ ఘన్‌పూర్, భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అతను అక్కడి ఓపెన్ కాస్ట్ గనిలో, అంటే నేల పైనుంచే బొగ్గు తవ్వే చోట, ఎలక్ట్రీషియన్. మళ్ళీ వానాకాలం వచ్చేనాటికి ఇద్దరూ ఇళ్ళలో చెప్పుకున్నారు.

శ్రావణ్ తల్లి వసంత ఒక రోజు ఆలోచించి సరేనంది. సౌందర్య తండ్రి రాజయ్య అంత తేలిక మనిషి కాదు. గనిలో పనిచేసేవాడికి పిల్లనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. ఒక్కసారి వచ్చి చూస్తాననీ, అక్కడే తన మాట చెబుతాననీ, కాదంటే ఆ పేరు మళ్ళీ ఇంట్లో ఎత్తొద్దనీ బిడ్డ దగ్గర మాట తీసుకున్నాడు. సౌందర్య ఒప్పుకుంది. ఒప్పుకున్నాక రాత్రంతా నిద్రపోలేదు.

ఇక చూపులు ఎక్కడన్నది సమస్య. సంబంధం చూడటానికి వెళ్ళిన ఇంట్లో చాయ్ తాగవచ్చు గాని భోజనం చేయకూడదు. చేశారంటే ఒప్పుకున్నట్టే. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. కడుపునిండా తిన్న ఇంటివాళ్ళకు వద్దని చెప్పడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళే పెట్టి ఉంటారు.

శ్రావణ్ దీనికొక ఉపాయం కనిపెట్టాననుకున్నాడు. జనగామ దగ్గర హైవే మీద నరేశ్ అనే కొడకండ్ల మనిషి బ్రాసరీ అని ఒక ఫ్రెంచి పద్ధతి హోటల్ తెరిచాడు. ఓడల్లో వంటవాడిగా దేశాలు తిరిగి వచ్చినవాడు. తెల్లటి బట్ట పరిచిన బల్లలు, ఇత్తడి దీపాలు, సాయంత్రమైతే పాటగాళ్ళు. హైదరాబాదు నుంచి కార్లు వచ్చి ఆగుతాయి. హోటల్ ఎవరి ఇల్లూ కాదు గనుక అక్కడ ఏ నియమమూ అడ్డురాదని శ్రావణ్ లెక్క.

ఈ లెక్క పెద్దవాళ్ళకు చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు.

శనివారం సాయంత్రం ఘన్‌పూర్ నుంచి రాజయ్య, ఆయన తల్లి ఓదెమ్మ, సౌందర్య వచ్చారు. భూపాలపల్లి నుంచి వసంత, శ్రావణ్. శ్రావణ్ తండ్రి మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండి, వసంత మాటే తన మాట అని పంపాడు. దారిలో వసంత కొడుకుకు ఒక్కటే చెప్పింది, మాట ఖాయమయ్యేదాకా అక్కడ ఏదీ నోట్లో పెట్టొద్దని. ఘన్‌పూర్ నుంచి వస్తున్న ఆటోలో రాజయ్య కూడా తన తల్లికి అదే చెబుతున్నాడు.

అయిదుగురూ కూర్చున్నారు. నరేశ్ స్వయంగా వచ్చి బుట్టలో వెచ్చటి బ్రెడ్డు, చిన్న గిన్నెలో వెన్న పెట్టి వెళ్ళాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. కాసేపటికి వచ్చి చూసి, చల్లారిందనుకుని ఇంకో బుట్ట తెచ్చాడు. అదీ అలాగే ఉంది.

ఓదెమ్మ కొడుకు వైపు వంగింది. "గిది అన్నం గాదు గద రాజన్నా. రొట్టె గూడ లెక్కకొస్తదా?"

"వస్తది. ఊకో," అన్నాడు రాజయ్య.

తర్వాత ఉల్లిగడ్డ సూపు వచ్చింది. శనివారం జనగామలో సగం మంది నీసు ముట్టరు గనుక ఆ రోజు కూరగాయల రసంతోనే కాస్తామని నరేశ్ అడక్కుండానే చెప్పాడు. ఆ వాసనకు ఓదెమ్మ కళ్ళు మూసుకుంది. చాయ్ తాగేదే, ఇదీ తాగేదే, చాయ్‌కి లేని అడ్డు దీనికెందుకని వాదించింది. వసంత ఆశగా రాజయ్య వైపు చూసింది. ఆయన చెంచాతో సూపు కదిపి చూశాడు. పైన చీజ్ పూసిన రొట్టెముక్క తేలింది.

"మీద రొట్టె ఉన్నదే అవ్వా," అన్నాడు విచారంగా.

అందరి చెంచాలూ కిందికి దిగాయి. శ్రావణ్ ఉదయం షిఫ్టు నుంచి నేరుగా బయలుదేరినవాడు. అతని కడుపులో చప్పుడు సౌందర్యకు వినబడింది. ఆమె నవ్వు ఆపుకోవడానికి నీళ్ళ గ్లాసు అందుకుంది.

అప్పుడే పాటగాళ్ళు వచ్చారు. ఒకరిది గిటారు, ఒకరిది వయొలిన్, మూడో ఆమెది భుజాలకు తగిలించుకున్న అకార్డియన్. సరిగ్గా వీళ్ళ బల్ల పక్కన నిలబడి మొదలుపెట్టారు. మరొకరు వచ్చి బల్ల మధ్య పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి వెళ్ళారు.

రాజయ్య ముఖం మారింది. బల్ల మీద పూలు, వెలుగుతున్న దీపం, పక్కన మేళం. నిశ్చితార్థానికి ఇంకేం కావాలి? తన నోటి మాట రాకముందే వీళ్ళు అన్నీ సిద్ధం చేసుకున్నారనుకున్నాడు. అవతల వసంత ముఖం కూడా మారింది. వెనక ముందు చూడకుండా తన కొడుకును ఇరికించడానికి పిల్ల తరపువాళ్ళు మేళం మాట్లాడారని ఆమె అనుమానం. పాట సాగినంతసేపు ఇద్దరూ ఒకరినొకరు మర్యాదగా చూసుకుంటూ లోపల ఉడికిపోయారు.

"మేళం పెట్టిచ్చి మమ్ముల పిలిచిండ్రా అమ్మా?" అన్నాడు రాజయ్య చివరికి.

"నేనెందుకు పెడ్తనన్నా? మీరే పెట్టిండ్రనుకుంటున్న," అంది వసంత.

సౌందర్య ఏదో చెప్పబోయేలోగా పాటగాళ్ళు పక్క బల్లకు కదిలారు. అక్కడ నలుగురు కాలేజీ కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ అదే పాట మొదలైంది.

ఓదెమ్మ అటు చూసి, ఇటు చూసి, "మరి గా పోరగాండ్లకు ఎవలతోని నిశ్చయం?" అని అడిగింది.

నరేశ్ పరుగున వచ్చి, ఇది రోజూ ఉండేదేననీ, వచ్చినవాళ్ళందరికీ వాయిస్తారనీ, దీనికి విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదనీ వివరించాడు. వసంతకు నవ్వు ఆగలేదు. రాజయ్యకు కూడా నవ్వొచ్చింది గాని ఆయన దాన్ని మీసాల కిందే ఉంచుకున్నాడు.

నవ్వాక కోపం నటించడం కష్టం. అందుకేనేమో ఆయన అసలు మాటకు వచ్చాడు. "ఒక్కటే అడుగుత అమ్మా. పొద్దుగాల గనికి పోయినోడు పొద్దుమూకి వస్తడా రాడా అని నా బిడ్డ దినాం వాకిట్ల నిలవడాల్నా?"

ఓపెన్ కాస్ట్‌లో ప్రమాదం తక్కువని శ్రావణ్ చెప్పబోయాడు. వసంత కొడుకు చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నిలవడాలె అన్నా. అబద్ధం ఎందుకు చెప్త? ఈళ్ళ నాయిన బొగ్గుబాయిల దిగిననాడల్ల నేను నిలవడ్డ. దినాం దేవునికి దీపం పెట్టి మొక్కిన. దేవుడు ఇన్నడో, మా ఆయన జాగర్తగ ఉన్నడో నాకు తెల్వది. ఇద్దరు ఉన్నరనే అనుకుంటున్న. ఆయన ఇప్పుడు మోకాళ్ళ నొప్పని నా మీద అరుస్తుంటె, అరువనీ అనుకుంట."

వసంత ఏదో ధైర్యం చెబుతుందనీ, ఆ ధైర్యాన్ని తుంచేసి లేచి వెళ్ళవచ్చనీ రాజయ్య అనుకుని వచ్చాడు. ఆమె భయాన్నే ఒప్పుకుంది. ఒప్పుకున్న మనిషితో ఎలా వాదించాలో ఆయనకు తోచలేదు.

అప్పుడు సౌందర్య చెయ్యి చాపింది. బుట్టలోంచి ఒక బ్రెడ్డు తీసుకుని, విరిచి, వెన్న రాసి, తినడం మొదలుపెట్టింది. తొందర ఏమీ లేదు. చక్కగా నమిలి మింగింది.

"బాపు, రొట్టె లెక్కకొస్తదన్నవు గదా," అంది. "నేను తిన్న."

బల్ల దగ్గర అందరూ ఆమెనే చూశారు. చూపులకు వచ్చిన పెద్దలు తింటే సంబంధం ఖాయం. పిల్ల తింటే ఏమవుతుందో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఓదెమ్మ కూడా తన పెళ్ళి నాటిదాకా వెనక్కి వెళ్ళి వెతికి చూసింది. దొరకలేదు.

"నన్నయితె ఎవలు అడుగలే కొడుకా," అంది ఆమె మెల్లగా. "దీన్నన్న తిననీ."

రాజయ్య చాలాసేపు కూతురి వైపు చూశాడు. ఆమె రెండో ముక్కకు వెన్న రాస్తోంది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని వసంత వైపు తిరిగాడు.

"ఆకలైతలేదా వదినా?"

అమ్మా అన్న నోరు వదినా అన్నది. వసంత కొంగుతో కళ్ళొత్తుకుని, అవుతోందనీ, పొద్దున ఎప్పుడో తిన్నాననీ చెప్పింది.

అయితే ఇంత మంచి మాట రొట్టెతో ఖాయం చేయడం రాజయ్యకు నచ్చలేదు. అన్నం కావాలన్నాడు. బ్రాసరీలో అన్నం లేదు. నరేశ్ ఒక్క క్షణం తల గోక్కుని లోపలికి వెళ్ళి, పనివాళ్ళ కోసం వండుకున్న అన్నం, టమాట పప్పు, పచ్చిపులుసు పొడవాటి పింగాణీ పళ్ళేల్లో సర్ది తెచ్చాడు. పళ్ళేల అంచున ఆకుకూర రెమ్మ కూడా అలంకరించాడు.

అందరూ కలుపుకున్నారు. శ్రావణ్ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది, తినవా?" అన్నాడు రాజయ్య.

"అందర్ని అడిగిండ్రు మామా. నీకు పిల్ల నచ్చిందా అని నన్నెవ్వరు అడుగలే."

రాజయ్య ముద్ద పట్టుకునే ఆగిపోయాడు. సౌందర్య వెన్న అంటిన వేళ్ళతోనే అతని పళ్ళేన్ని ముందుకు జరిపింది.

"నేనడుగుతున్న. చెప్పు."

శ్రావణ్ లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, పప్పు కలుపుకుని తిన్నాడు. తర్వాత నరేశ్‌ను పిలిచి, ఇంకొంచెం అన్నం వడ్డించమన్నాడు.