ముప్పై ఒకటో స్థలంలో గులాబీ నీళ్లు

ఆ ముప్పై ఒకటో స్థలం కేసి చూడకండి. పొద్దు గుంకాక అసలు చూడకండి.

ఈ క్యాంపులో ట్రైలర్లు, అంటే బండికి తగిలించి లాక్కొచ్చే ఇళ్లు, పెట్టుకునే స్థలాలు నూట పది ఉన్నాయి. ఒక్కటి ఖాళీ అయితే చాలు, మన బోస్ ప్రాంతం వాళ్లు ఇరవైమంది పేర్లు రాయించుకుని కూచుంటారు. సముద్రం హోరు, మూడు పైన్ చెట్ల నీడ, పొద్దున్నే తలుపు దగ్గరికొచ్చే ఎండ... అన్నీ ఆ ముప్పై ఒకటికే ఉన్నాయి. అయినా నాలుగేళ్లుగా అక్కడ గడ్డి మొలుస్తోంది. మధ్యలో ఇద్దరు ట్రైలర్లు తెచ్చి పెట్టారు. వారం తిరక్కుండా లాక్కుని పోయారు. చుక్క నీళ్లు లేని కుళాయి రాత్రంతా కారిన చప్పుడు వినపడిందట.

క్యాంపు యజమాని అమెరికావాడు. దెయ్యాలంటే నవ్వుతాడు. ఆయన కూడా ఆ గడ్డి మాత్రం పట్టపగలే కోయిస్తాడు.

ఎందుకో చెబుతాను. మంటలో ఇంకో దుంగ వెయ్యండి. ఇందులో సగం ఫెర్నాన్ బోల్డుక్ తన నోటితో నాకు చెప్పింది. రెండో సగం ఎక్కడిదో చివర్లో చెబుతాను.

కొత్తగా వచ్చినవాళ్లున్నారు కాబట్టి ముందు ఒక మాట. మన ఇళ్లు కెనడాలో, కెబెక్‌లో; మన ట్రైలర్లు ఇక్కడ అమెరికాలో, మెయిన్‌లో. ఒకసారి సరిహద్దు దాటించి తెచ్చామంటే మళ్లీ వెనక్కి లాక్కెళ్లం. మనం లేని ఏడు నెలలూ అది పరాయి దేశపు మంచులో ఒంటరిగా పడి ఉంటుంది. దాన్ని కాపాడేది అక్టోబరులో చలికాలానికి మూత వేసేరోజు మనం చేసే పనే. గొట్టాల్లో నీళ్లు దించెయ్యాలి. చలికి గడ్డకట్టని గులాబీరంగు మందు ఎక్కించాలి. ప్రతి కుళాయీ తిప్పి, గులాబీ ధార వచ్చేదాకా వదలకూడదు. ఆ తర్వాత కుళాయిలన్నీ తెరిచే ఉంచి తాళం వెయ్యాలి. గొట్టంలో నీళ్లు మిగిలితే జనవరిలో గడ్డకట్టి దాన్ని నిలువునా చీల్చేస్తాయి.

ఇది మనలో చిన్నపిల్లాడికీ తెలుసు. ఫెర్నాన్‌కి ఇంకా బాగా తెలుసు.

ముప్పై ఒకటి లోరెట్ పిన్నిది. లోరెట్ వేయ్యూ. నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద, అయినా క్యాంపంతా పిన్నీ అనే పిలిచేది. ఇరవై తొమ్మిది వేసవులు అక్కడే గడిపింది. మొగుడు పోయాక, ఇంట్లో కంటే ఈ ట్రైలర్లోనే ఆయన దగ్గరున్నట్టు ఉంటుందనేది. ఎలకలు రాకుండా మూలమూలనా పచ్చసబ్బు ముక్కలు పెట్టేది. తలుపు తీస్తే ఆ వాసనే.

ఫెర్నాన్ స్థలం వెనక, చెత్త డబ్బాల పక్కన. సన్నటి మనిషి, మాటకోసారి పొడిదగ్గు. పదేళ్లపాటు పిన్ని స్థలం మీద కన్నేసి ఉన్నాడు. ఆమె తుంటి అరిగి కర్ర పట్టాక, మహా ప్రేమగా వచ్చాడు. "నీకెందుకు పిన్నీ శ్రమ, మూత పని నేను చూసుకుంటాగా."

ఆ అక్టోబరులో మూత వేసేరోజు ఆమె మెట్లెక్కలేక కిటికీ కింద కర్ర ఆనించి నిలబడింది. లోపల అతను.

"గులాబీ వచ్చిందా, ఫెర్నాన్?"

"వచ్చింది పిన్నీ."

అతని కోసం ఆమె మేపుల్ చెట్టు పాకంతో తీపి రొట్టె చేసి తెచ్చింది. చేసిన పనికి సిగ్గుపడాల్సింది పోయి, కూచుని ఆ రొట్టె మొత్తం తిన్నాడు. నేను కళ్లారా చూశాను. అందుకే వాణ్ని ఇప్పటికీ క్షమించలేను.

మే నెలలో ఆమె వచ్చి నీళ్లు వదిలింది. మొదట గొట్టాల్లోని గులాబీ మందు బయటికి రావాలి. రాలేదు. గోడల్లోంచి నీళ్లు చిమ్మాయి. నేల నానిన రస్కులా ఉబ్బింది. పాతగొట్టాలు, ముసలి ట్రైలర్ అని ఫెర్నాన్ క్యాంపంతా చెప్పుకుని తిరిగాడు. పుచ్చిన ట్రైలర్ క్యాంపులో ఉండకూడదని ఇక్కడి నియమం. యజమాని పద్నాలుగు రోజులు గడువిచ్చాడు.

ట్రైలర్‌ని విరగ్గొడుతుంటే ఆమె నా కుర్చీలో కూచుని చూసింది. ఏడవలేదు. నాతో ఒక్కమాట అంది.

"గులాబీ రాలేదు అర్మాన్. ఒక్క చుక్క కూడా రాలేదు."

జులైకల్లా ఆ స్థలంలో ఫెర్నాన్ కొత్త ట్రైలర్ నిలబడింది. ముప్పై అడుగులది, తెల్లగా మెరుస్తూ. జనవరిలో సెయింట్ జార్జ్ ఆస్పత్రిలో పిన్ని పోయింది. ఆమె శవపేటికను మోసిన ఆరుగురిలో ఫెర్నాన్ ఒకడు. ముందువరసలో... తల వంచుకుని... దగ్గుకుంటూ.

ఇక ఆ ఏడు నవంబరు సంగతి.

ఫెర్నాన్ తన ట్రైలర్‌కి తానే మూత వేసుకుని వెళ్లాడు. తనదానికి మాత్రం ఆరు జాడీల మందు పోశాడు. నెల తిరక్కుండా కాపలా చూసే ఎల్డెన్ ఫోన్ చేశాడు, మీ ట్రైలర్లో దీపం కనపడుతోందని. క్యాంపుకి కరెంటు ఆపేసి అప్పటికి మూడు వారాలు. దొంగ అనుకుని ఫెర్నాన్ ఒక్కడే బండేసుకుని ఐదు గంటలు నడుపుకుంటూ వచ్చాడు. సాయంత్రం ఐదుకే చీకటి.

కిటికీలో దీపం ఉంది. తలుపు తాళం వేసినట్టే ఉంది.

తాళం తీశాడు. లోపల... పచ్చసబ్బు వాసన.

బల్లమీద చిన్న లాంతరు. తనది కాదు. వంటగది కుళాయి వంక చూశాడు. తను తెరిచి వెళ్లిన కుళాయి — బిగించి ఉంది. స్నానాలగదిలోదీ అంతే. అన్నీ మూసి ఉన్నాయి.

వంటగది కుళాయి తిప్పాడు. సన్నగా ధార వచ్చింది. గులాబీ కాదు. తెల్లటి మామూలు నీళ్లు.

బండిలో మూడు జాడీల మందు ఉంటే పరుగెత్తి తెచ్చాడు. చేతిపంపుతో గొట్టాల్లోకి తొయ్యడం మొదలుపెట్టాడు. ఒక జాడీ అయింది... తెల్లనీళ్లే. రెండోది... తెల్లనీళ్లే. మూడోది అడుగంటింది. గులాబీగా లోపలికి పోతోంది, తెల్లగా బయటికి వస్తోంది.

అప్పుడు బయట, గులకరాళ్ల మీద — టక్... టక్...

కర్ర చప్పుడు. కిటికీ కిందికి వచ్చి ఆగింది.

"గులాబీ వచ్చిందా, ఫెర్నాన్?"

పాత అబద్ధం దానంతటదే నోట్లోంచి వచ్చేసిందట. "వచ్చింది పిన్నీ."

లాంతరు ఆరిపోయింది. చీకట్లో ఒక్కో కుళాయీ తెరుచుకున్న చప్పుడు... వంటగదిలో, స్నానాలగదిలో, చివరికి మంచం పక్కన, కుళాయే లేని చోట. నీళ్లు బూట్లు దాటి చీలమండలకి తగిలాయి. తలుపు లాగితే రాలేదు. ఈసారి గొంతు లోపల్నించి, అతని భుజం దగ్గర, గుసగుసగా...

"గులాబీ వచ్చిందా?"

"రాలేదు..." అన్నాడట, మోకాళ్లమీద కూలబడి. "నేను పొయ్యలేదు పిన్నీ. నీ స్థలం కోసం పొయ్యలేదు."

అంతా ఆగిపోయింది. వెతుక్కుని లైటర్ వెలిగించాడు. కుళాయిలోంచి గులాబీ ధార కారుతోంది, చిక్కగా.

ఎలా పారిపోయాడో తెలీదు. సరిహద్దులో సుంకం ఆఫీసరు అలవాటుగా, చెప్పుకోవాల్సిందేమైనా ఉందా అని అడిగితే భోరుమన్నాడట. అనుమానమొచ్చి వాళ్లు గంటలకొద్దీ కూచోబెట్టి బండంతా వెతికారు. మూడు ఖాళీ జాడీలు దొరికాయి.

మేలో చూస్తే ఆ కొత్త ట్రైలర్ నేల రస్కులా ఉబ్బి ఉంది. యజమాని పద్నాలుగు రోజులు గడువిచ్చాడు. ఫెర్నాన్ మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టలేదు. ఇదంతా అతను మా ఊళ్లో నాతో కాఫీ తాగుతూ చెప్పాడు. నేను అయ్యో అన్నాను. లోపల ఎంత హాయిగా ఉందో మీకేం చెప్పను.

ఇప్పుడు రెండో సగం.

ఈ ట్రైలర్ల తాళాలన్నీ అన్నదమ్ములు. ఒకదాని చెవి ఇంకోదానికి పడుతుంది. నా చెవి ఫెర్నాన్ తలుపుకి పట్టింది. ఆ ముందురోజు పట్టపగలు వెళ్లి గులాబీ మందంతా దించేసింది నేను. రెండు జాడీల నీళ్లు ఎక్కించింది నేను. కుళాయిలు బిగించింది, సబ్బు ముక్కలు కోసి పెట్టింది, లాంతరు వెలిగించింది... నేనే. ఆమె కోసం నా చేతనైంది అదే.

కానీ ఫెర్నాన్ వచ్చిన సాయంత్రం నేను ఐదు గంటల దూరాన, బోస్‌విల్‌లో మనవరాలి బాప్తిస్మం విందులో ఉన్నాను. ముప్పైమంది చూశారు. కర్ర చప్పుడు నాది కాదు. నేను పోసింది రెండంటే రెండు జాడీల నీళ్లు. అతను మూడు జాడీల మందు తోసినా ఆగకుండా వచ్చిన ఆ నీళ్లు ఎక్కడివో, నాకు తెలీదు.

అయినా నేను భయపడలేదు. పిన్ని నా పక్షాన ఉందనుకున్నాను. ఫెర్నాన్‌కి నిజం చెప్పనూ లేదు. అతను ఎక్కడ కుళాయి చూసినా వణుకుతూ, ఇంట్లో బిందెతో నీళ్లు తెచ్చుకుంటూ నాలుగేళ్లు బతికి, ఈ మార్చిలో పోయాడు. అతని శవపేటికను మోసిన ఆరుగురిలో నేనూ ఒకణ్ని. ముందువరసలో... తల వంచుకుని.

ఇవాళ పొద్దున్నించి నేను నా ట్రైలర్‌కి మూత వేస్తున్నాను. ఇన్ని జాడీలేంటి తాతా, మతి పోయిందా అని మీరు నవ్వారు. తొమ్మిది జాడీలు పోశాను. తొమ్మిదీ తెల్లగానే వచ్చాయి.

చీకటి పడుతుండగా కిటికీ కింద ఎవరో దగ్గారు. పొడిదగ్గు.

"గులాబీ వచ్చిందా, అర్మాన్?"

వచ్చిందన్నాను.

అందుకే మిమ్మల్నందర్నీ పిలిచి, మంట దగ్గర కూచోబెట్టి, ఇదంతా చెప్పాను. ఒప్పుకున్నాను కదా... అందరూ విన్నారు కదా. చేసినందుకు బాధపడుతున్నానని మాత్రం అనలేను. ఎంత వెతికినా నా లోపల ఆ బాధ దొరకడం లేదు.

వంటగది కుళాయి తెరిచే పెట్టి వచ్చాను. అది కారుతున్న చప్పుడు ఇక్కడికే వినపడుతోంది. లోపలికెళ్లి చూసే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరైనా టార్చి పట్టుకెళ్లి చూసి చెప్పండి...

గులాబీ వచ్చిందా?