మునగని పెట్టె

డీచే ఒక నల్లటి గట్టి పెట్టెను గుండెలకు హత్తుకుని లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆయన నోల్డీ పోయి పదకొండు రోజులైంది మేడం. నాసిరకం పెట్టె కొన్నాడట, అందుకే కెమెరా సముద్రం పాలైందట. చేసిన తప్పుకి చచ్చాడని ఆయన పనిచేసే పడవ ఓనరు జెమ్మీ శవం పక్కనే నిలబడి అన్నాడు. మా ఆయన ఒకే రకానివి రెండు కొన్నాడు. ఇది రెండోది. మీరే చూడండి."

వోన్నీ రుమాగిత్ ఇండోనేషియాలోని మనాడో రేవు వీధిలో ఇరవై ఏళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్. ఆమె తల ఊపగానే సహాయకుడు స్టెన్లీ గొళ్ళేలు తీశాడు. లోపలి ఫోమ్‌ను కెమెరా ఆకారంలో, ఒక్కో లెన్సుకు ఒక్కో గుంటగా, బ్లేడుతో ఎంతో ఓపిగ్గా కోశారు. మూత అంచున చుట్టూ రబ్బరు వలయం. వోన్నీ దాని మీద వేలు పోనిచ్చింది.

"నీళ్లలో వేసి చూశాడా?"

"లోపల ఇటుక పెట్టి డ్రమ్ములో వేశాడు. గంటసేపు పక్కనే కూర్చున్నాడు. చుక్క దిగలేదని ఇల్లంతా ఎగిరాడు."

ఆ మధ్యాహ్నమే వోన్నీ, స్టెన్లీ పడవ దగ్గరికి వెళ్లారు. సముద్రం అడుగున సినిమాలు తీసే జెమ్మీ మొహం చిట్లించాడు.

"పెట్టె పడింది, మునిగింది. నువ్వు కొన్నావు కాబట్టి నువ్వే తే అన్నాను. రెండుసార్లు ఉత్త చేతులతో వస్తే మళ్లీ పొమ్మన్నాను. నేనేమైనా తోశానా?"

మూడోసారి నోల్డీ ఒక్క ఊపున పైకి వచ్చాడు. నోట్లోంచి రక్తం. రేవు చేరకముందే ప్రాణం పోయింది.

పడవ నడిపే ముసలి బెర్తి గొంతు తగ్గించాడు. "ఆ రోజు సీసం దిమ్మెలు తక్కువయ్యాయమ్మా. ఎటు పోయాయో తెలీదు. నీళ్లలో తేలిపోకుండా నడుముకి కట్టుకోడానికి పాపం రెండే దొరికాయి. సిలిండర్లో గాలి అయిపోవస్తే మనిషి తేలికవుతాడు. ఆ కాస్త బరువుతో నీళ్లలో ఎలా ఆగుతాడు? ఒక్కసారిగా పైకి తేలితే ఊపిరితిత్తులు పగిలిపోతాయి."

కెమెరామన్ యాంచె, నోల్డీ స్నేహితుడు, కళ్లు తుడుచుకున్నాడు. "కెమెరా నేనే సర్దానక్కా. అల తగిలి జారింది. రాయిలా మునిగిపోయింది."

మరో రెండు రోజులకు వోన్నీ అందరినీ అదే పడవ మీద కూర్చోబెట్టింది. డీచే ఒక మూల నిలబడింది. కెమెరా ఎంత బరువో అంత ఇసుక సంచీని రెండో పెట్టెలో సర్ది, మూత బిగించి, వోన్నీ దాన్ని నీళ్లలోకి తోసింది. పెట్టె ఒక్క మునక వేసి పైకి తేలి, అలల మీద ఊగసాగింది.



"లోపల ఇంత గాలి, ఇంత ఫోమ్ ఉన్నది మునగదు," అంది వోన్నీ. "రాయిలా మునిగిందంటే లోపల ఉన్నది కెమెరా కాదు. బెర్తి వెతుక్కున్న సీసం. సర్దింది తానేనని యాంచె స్వయంగా చెప్పాడు. స్టెన్లీ?"

"కెమెరా తొందానో ఊళ్లో యాంచె బావ ఇంట్లో దొరికింది," అన్నాడు స్టెన్లీ. "కొనే మనిషి కోసం బావ చూస్తున్నాడు."

యాంచె లేవబోయాడు. బెర్తి అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"చంపాలనుకోలేదు! పెట్టె మీద నెపం పోతుందనుకున్నా."

"అడుగున ఏమీ లేదని నీకు తెలుసు. మూడుసార్లు దిగుతుంటే చూశావు. నువ్వు దాచిన సీసం నడుముకి ఉంటే బతికేవాడు. నోరు విప్పి ఒక్క మాట చెప్పినా బతికేవాడు."

జెమ్మీ తల వంచుకున్నాడు. స్టెన్లీకి అతని మొహం చూడబుద్ధి కాలేదు.

డీచే మెల్లగా వచ్చి యాంచె ముందు నిలబడింది.

"ఆఖరిసారి దిగేటప్పుడు నీతో ఏమన్నాడు?"

 యాంచె నీళ్లకేసి చూస్తూ చెప్పాడు.

"'సర్దింది నువ్వు కదరా, దొరక్కపోతే నీ ఉద్యోగం కూడా తీసేస్తాడు. ఏడవకు, తెస్తాను' అన్నాడు."