నలభై రెండో పన్ను

పెద్ద వరద వచ్చిపోయిన రెండో వసంతం. డాన్యూబ్ మళ్ళీ ఉబ్బింది.

కల్నల్ మాంత పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ గూఢచారి డోబ్రెకు పని అప్పగించాడు.

"వాదు వెకి ఊరి పంపుహౌసులో శత్రువు దూరాడు. కింది పేటను ముంచాలని ప్లాను. అక్కడి ఇంజనీరు ఒతీలియా మన ఏజెంటే. కోడ్ మాట, 'మమలీగ చల్లారింది.'"

మొక్కజొన్న సంకటి చల్లారిందనే అంత గొప్ప మాట కనిపెట్టడానికి ముగ్గురు అధికారులు వారం కూర్చున్నారట.

మారువేషం గ్రీజు పూసేవాడిది. పంపుహౌసు పక్కనే పడవల షెడ్డులో డోబ్రె ఇరవయ్యేళ్ళు చేసిన పనే అది. అయినా ఆఫీసువాళ్ళు దొంగమీసం ఒకటి ఇచ్చారు. దాన్ని రైలు కిటికీలోంచి పారేశాడు.

కింది పేట నది కంటే పల్లం. పంపు తిరిగినంతసేపే అది ఊరు. మూడు వేలమంది ఉన్నారు. వాళ్ళలో డోబ్రె అక్క వసీలికా ఒకతె. ఇల్లు ఖాళీ చేయమంటే, క్యాబేజీ ఊరగాయ పీపా నువ్వు మోస్తావా అని అడిగింది. ఉన్నవి రెండు పంపులు. ఒకటి వరదనాటి బురదలో చచ్చి పడి ఉంది. కాగితాల్లో మాత్రం తిరుగుతోంది.

ఒతీలియా నక్కతోలు కాలరుతో ఎదురొచ్చింది. పంపుహౌసులో నక్కతోలు వేసుకున్న మనిషిని అనుమానించకుండా ఉండాలంటే కల్నల్ అయి ఉండాలి.

"మమలీగ చల్లారింది," అన్నాడు డోబ్రె.

"అయితే పాలు పోసుకో." అదే బదులు మాట. "ఇదిగో చూడు, గ్రీజయ్యా. గేరుపెట్టె వణుకును ఈ తీగ పట్టుకుంటుంది, ఈ ముల్లు చూపిస్తుంది. సెకనుకు నాలుగు వందల పది. గుండ్రాయిలా ఉంది యంత్రం. మధ్యాహ్నం పన్నెండుకు ఫుల్ లోడ్ ఇస్తున్నాం."

డోబ్రె లెక్క కట్టాడు. ఇరుసు సెకనుకు పది చుట్లు. చుట్టుకు ప్రతి పన్నూ ఒక తాకు. డ్రాయింగులో పళ్ళు నలభై ఒకటి. లెక్క సరిపోయింది. తంటా అక్కడే.

గేరుపెట్టెలోని పాత పళ్ళ చక్రం వరదలో పాడైంది. షెడ్డులో కొత్తది కోసింది డోబ్రే. నలభై ఒక్క పళ్ళకు కొలత పెట్టే ప్లేటు నదిలో కొట్టుకుపోయింది. ఉన్న ప్లేటుతో నలభై రెండు కోశాడు, జత చక్రానికి ఒక పన్ను తగ్గించి సరిపెట్టాడు. పైకి రాస్తే మూడు విచారణలు. ఎవరూ రాయలేదు.

ఆమె భోజనానికి వెళ్ళగానే జేబులోంచి సిగరెట్ పెట్టె తీశాడు. అందులో సిగరెట్లు లేవు, సన్నని ఉక్కు రేకులున్నాయి. ఒక్కో రేకు ఒక్కో లెక్కకే వణుకుతుంది. పెట్టెను గేరుపెట్టెకు ఆనించాడు. నాలుగు వందల ఇరవై రేకు వణికింది. దాని అటూ ఇటూ ఉన్న నాలుగు వందల పదీ, నాలుగు వందల ముప్పయ్యీ కూడా వణికాయి. పక్క రేకులు కదిలాయంటే ఒక పన్నుకు దెబ్బ తగిలిందన్నమాట.

తీగ వెంబడి వెళ్ళాడు. అది గేరుపెట్టె దాకా రానే లేదు. గోడ వెనక టేపు రికార్డరు తిరుగుతోంది. వరదకు ముందు పట్టిన పాత చక్రం చప్పుడునే ముల్లుకు వినిపిస్తోంది.

పన్నెండుకు ఐదు నిమిషాలు. ఫుల్ లోడ్ మీట స్వయంగా నొక్కాలని కల్నల్ మాంత ఫొటోగ్రాఫరుతో దిగాడు. ఒతీలియా పక్కనే నిలబడింది.

"కామ్రేడ్ కల్నల్, మీట ముట్టుకోకండి. చక్రానికి నలభై రెండు పళ్ళున్నాయి. ముల్లు నలభై ఒకటి అంటోంది."

"కాగితంలో నలభై ఒకటే కదయ్యా."

"కాగితం వణకదు, కామ్రేడ్."

"తాగొచ్చాడండీ," అంది ఒతీలియా. "వాసన రావడం లేదూ?"

"వస్తోంది," అన్నాడు మాంత. వాసన ఆయనదే.

మాంత చెయ్యి మీట మీదికి వెళ్ళింది. డోబ్రె మోటారు ఆపే ఎర్ర స్విచ్ వైపు కదిలాడు. ఒతీలియా లిప్‌స్టిక్ తీసి గురిపెట్టింది. అందులో ఒకే గుండు. డోబ్రె గ్రీజు డబ్బాను కాలితో తన్నాడు. ఆమె ఎత్తు మడమల బూట్లు జారాయి. గుండు కల్నల్ టోపీకి చిల్లు పెట్టి పైకప్పులో దిగింది. గడియారం పన్నెండు కొడుతుండగా డోబ్రె స్విచ్ లాగాడు. మోటారు ఆగింది.

మూత విప్పారు. ఒక పన్ను మొదలు దగ్గర ముప్పాతిక వంతు రంపంతో కోసి ఉంది. ఫుల్ లోడ్ పడితే విరిగి పెట్టె మొత్తం పగిలేది.

"శత్రువు ఎంత తెలివైనవాడో!" అన్నాడు మాంత.

"చేత్తో పట్టుకుని పన్ను కోసింది. పళ్ళు లెక్కపెట్టలేదు," అన్నాడు డోబ్రె.

తన పని మీద తనకే నమ్మకం లేక అప్పట్లో రెండు చక్రాలు కోశాడు. రెండోది షెడ్డులో ఉంది. బిగించేసరికి నాలుగైంది. పంపు తిరిగింది. అప్పటికి నీళ్ళు వసీలికా ఇంటి రెండో మెట్టు ఎక్కాయి. మూడోది ఎక్కలేదు.

"ఇప్పుడా రావడం? బూట్లు బయట విడు," అంది అక్క గుమ్మంలోంచి.

ఒతీలియాను జీపులో తీసుకుపోయారు. ఆమెను రెండేళ్ళు నమ్మిన కల్నల్‌కు ఆ సాయంత్రమే పతకం ఖాయమైంది.

మర్నాడు పొద్దున డోబ్రె పంపుహౌసు బీరువాలోంచి డ్రాయింగు తీశాడు. పెన్సిలు చెక్కాడు. నలభై ఒకటి అన్న అంకె మీద పెట్టాడు. మూడు విచారణలు గుర్తొచ్చాయి. డ్రాయింగు మడిచి మళ్ళీ బీరువాలో పెట్టి, గ్రీజు పూయడానికి వెళ్ళాడు.