బుజ్జి తినడం లేదు

"రోజూ పెట్టావా?" సూట్‌కేసు ఇంకా గుమ్మంలోనే ఉంది. జోనాథన్ గొంతులో కోపం.

"పెట్టకపోతే ఎట్ల? తింటలేదు గద!" మనోజ్ఞ అంతకంటే గట్టిగా అరిచింది.

గొడవంతా బుజ్జి గురించి. బుజ్జి అంటే జోనాథన్ పెంచుకుంటున్న చిన్న కొండచిలువ. అమ్మ పోయిందని కబురు రాగానే అతను ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అమలాపురం పరుగెత్తాడు. పోతూ పోతూ పై అంతస్తులో ఉండే మనోజ్ఞకు తాళాలిచ్చి, "వారానికి ఒక్క ఎలుక, అంతే" అన్నాడు.

మనోజ్ఞ కోడిగుడ్డు కూడా ముట్టని కరీంనగర్ పిల్ల. అయినా ఫ్రీజర్‌లోని చచ్చిన ఎలుకను పటకారుతో తీసి, వేడినీళ్లలో మెత్తబరిచి, కళ్లు మూసుకుని పెట్టింది. బుజ్జి మొహం తిప్పుకుంది. మర్నాడు మళ్లీ పెట్టింది. ఆ మర్నాడూ అంతే. మన ఇళ్లలో ఒకరు ఒక పూట తినకపోతే ఇల్లంతా కంచం పట్టుకుని వెంటపడదూ!

తల్లిని సమాధి చేసి వచ్చే మనిషికి చచ్చిన పామును చూపించాల్సి వస్తుందేమోనని ఆమెకు నిద్ర పట్టలేదు. ఆమెకు అతనంటే ప్రాణం. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు.

"రేపు పశువుల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ గూడ తీసుకున్న" అంది కళ్లనిండా నీళ్లతో.

జోనాథన్ బుజ్జిని చేతుల్లోకి తీసుకుని చూశాడు. చిక్కిపోలేదు. అతని కోపం దిగిపోయింది.

"చలికాలం కదా, ఒక్కోసారి నెలల తరబడి తినదు. దానికేం కాదు. వెంటపడితేనే బెదురుతుంది. వదిలేస్తే అదే తింటుంది."

"మరి నువ్వు తిన్నవా?"

అలవాటుగా వచ్చేసింది ఆ మాట. జోనాథన్ ఉన్నచోటే కూలబడ్డాడు.

"అమ్మ రోజూ ఫోన్లో ఇదే అడిగేది. మీటింగ్‌లో ఉన్నానమ్మా అని విసుక్కునేవాణ్ణి. ఇంక నన్నెవరు అడుగుతారు మనోజ్ఞా?" వెక్కివెక్కి ఏడ్చాడు.

'నేనడుగుత' అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చి ఆగింది. ఇప్పుడు కాదనుకుంది. పప్పన్నం తెచ్చి బల్లమీద పెట్టింది. తినమని అనలేదు, పక్కన కూర్చుంది అంతే. కాసేపటికి అతనే నాలుగు ముద్దలు తిన్నాడు.

చలికాలమంతా పైనుంచి గిన్నెలు దిగుతూనే ఉన్నాయి. ఆమె ఏమీ అడగలేదు. బుజ్జి జోలికీ ఎవరూ పోలేదు.

మార్చిలో, వాన పడుతున్న ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"మనోజ్ఞా! బుజ్జి తినేసింది!"

"నిజంగనా?" ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ తడబాటులోనే, ఇన్నాళ్లూ ఆపుకున్న మాట అడిగేసింది. "మరి నువ్వు తిన్నవా?"

"లేదు. నువ్వొస్తే తింటా. రేపు కూడా అడుగుతావా?"

మనోజ్ఞ అప్పటికే మెట్లు దిగుతోంది.

"బతికినన్ని రోజులు అడుగుత. నువ్వు విసుక్కున్నా సరే."